టీకాపై తగాదా వచ్చినా బృందం చీలిపోకుండా ఏం చేయాలి? నాటక, భజన, ఆటల బృందాలకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పద్యనాటకాలు ఆడేవాళ్లు, భజన మండళ్లవాళ్లు, షటిల్ ఆడేవాళ్లు, ఆదివారాల్లో కోటలెక్కేవాళ్లు అడుగుతూ వస్తున్న ప్రశ్న ఇది: మహమ్మారి సమయంలో సగం మంది టీకా వేసుకుని, మిగతావాళ్లు వద్దంటే కలిసి ఎలా సాగాలి? 2021లో కొవిడ్ టీకాల వేళ ఈ తగాదాతో చెదిరిపోయిన బృందాల్లో కొన్ని ఇప్పటికీ కలవలేదు. మళ్లీ అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు చేతిలో ఉండేలా, పనికొచ్చే వరుసలో రాస్తున్నాను.

నా పక్షం ముందే చెబుతాను. టీకా వేసుకోవడమే మంచిదని నా నమ్మకం. అయితే అవతలివారిని ఓడించే ఉపాయాలు ఇక్కడ దొరకవు. అందరి ప్రాణం, అందరి స్నేహం రెండూ దక్కాలన్నదే ఈ రాతకు ఆధారం.

## 1. మూడు ప్రశ్నలను విడదీయండి

గొడవలు ఎక్కువగా మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపేయడం వల్లే ముదురుతాయి.

- టీకా పనిచేస్తుందా, ప్రమాదమా? దీనికి జవాబు చెప్పవలసింది వైద్యులు, పరిశోధకులు.
- నేను వేసుకోవాలా? ఇది ఆ వ్యక్తి తన ఆరోగ్యాన్ని బట్టి, తన డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసినది.
- మనం ఎక్కడ, ఎలా, ఎంతసేపు కలవాలి? బృందం చేతిలో ఉన్నది ఇదొక్కటే.

సమావేశంలో మూడో ప్రశ్న మీదే నిర్ణయం తీసుకోండి. మొదటి ప్రశ్న మీద చేతులెత్తించి ఓటు పెట్టకండి. హార్మోనియం వాయించే ఆయన, లెక్కల మాస్టారు, మందుల దుకాణం నడిపే తమ్ముడు కలిసి ఓటేసినంత మాత్రాన టీకా గుణం మారదు. ఓడినవాళ్ల మనసు మాత్రం విరుగుతుంది.

## 2. మీ వ్యాపకంలో ప్రమాదం ఎక్కడుందో చూడండి

మనుషుల్ని "వేసుకున్నవాళ్లు, వేసుకోనివాళ్లు" అని విడదీసే ముందు మీరు కలిసే చోటును పరీక్షించండి. చాలా బృందాలు ఈ మెట్టును దాటేస్తాయి. తగాదాలో సగం చల్లారేది ఇక్కడే.

కొవిడ్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపించింది. గొంతెత్తి పాడితే, కేకలు వేస్తే నోటి నుంచి వెలువడే సూక్ష్మ తుంపరలు మామూలు మాటలకన్నా చాలా ఎక్కువ. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వారిలో ఒకరికి అప్పటికే లక్షణాలు ఉన్నాయి. ఆ తరువాత, ఆ వ్యక్తితో కలిపి, 53 మందికి కొవిడ్ నిర్ధారణ అయింది లేదా వచ్చి ఉంటుందని తేలింది. ఇద్దరు చనిపోయారు. వాళ్లూ మనలాగే సరదాగా పాడుకోవడానికి కలిసినవాళ్లే. పద్యం ఎత్తుకుని రాగం తీసేవాళ్లు, భజనలో గొంతు కలిపేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

నాటక బృందాలు. వేదికకన్నా మేకప్ గది ఎక్కువ ప్రమాదం. ఇరుకు గది, మూసిన తలుపులు, ముఖానికి ముఖం దగ్గరగా పెట్టి రంగు వేయడం, అదీ గంటల తరబడి. సీలింగ్ ఫ్యాను ఉందని ధీమా పడకండి, అది లోపలి గాలినే తిప్పుతుంది. ఎదురెదురు కిటికీలు తెరవాలి, లేదా ఒక ఫ్యానును బయటి వైపు తిప్పి పెట్టాలి. రిహార్సల్‌ను ఆవరణలోకో మేడపైకో మార్చండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఎండకు పగలు అది కుదరదు కాబట్టి పొద్దు వాలాక పెట్టుకోండి.

షటిల్ ఆడేవాళ్లు. గాలికి షటిల్ పక్కకు పోతుందని ఇండోర్ కోర్టుల్లో కిటికీలు మూసేస్తారు. ఆయాసపడుతూ ఊపిరి తీసే చోట గాలి ఆడకుండా పోయేది అందుకే. వ్యాప్తి ఎక్కువగా ఉన్న వారాల్లో తెల్లవారుజామున, గాలి తక్కువగా ఉన్న వేళ, బయటి కోర్టులో ఆడుకోవచ్చు.

కోటలెక్కేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు. దేవరకొండ కోట మీదో, కోయిలకొండలోనో, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఆవరణలోనో ప్రమాదం తక్కువే. అక్కడికి అందరూ అద్దాలు ఎత్తిన ఒకే వ్యానులో వెళ్లడమే అసలు చిక్కు. ఎవరి బండి మీద వాళ్లు రండి. వ్యాను తప్పనిసరైతే అద్దాలు దించండి.

మీ బృందానికి ఈ పట్టీ నింపండి:

- కలిసే చోటు మూసినదా, తెరిచినదా?
- ఒక్కసారి ఎంతసేపు కూర్చుంటాం?
- పాడతామా, అరుస్తామా, ఆయాసపడతామా?
- వచ్చేవారిలో 60 దాటినవాళ్లు ఎందరు? షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ చికిత్స ఉన్నవాళ్లు? (సంఖ్య చాలు, పేర్లు వద్దు.)
- ప్రయాణం ఎలా?
- టీ గ్లాసులు, మేకప్ బ్రష్షులు, మైకు ఎంతమంది చేతులు మారుతున్నాయి?

## 3. మాట్లాడే ముందు నిజాల కాగితం రాసుకోండి

ఒక్క పేజీ చాలు. అందులో ఉన్నది ఏ పక్షమూ కాదనలేనంత ఖచ్చితంగా ఉండాలి. కొవిడ్ విషయంలో ఆ కాగితం ఇలా ఉండవచ్చు:

- మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలయ్యాయి. మార్చి 1 నుంచి 60 దాటినవారికి, ఇతర జబ్బులున్న 45 దాటినవారికి, మే 1 నుంచి 18 నిండినవారికి అనుమతి వచ్చింది.
- కొవాగ్జిన్ నిర్జీవం చేసిన వైరస్‌తో తయారైంది, తయారీదారు హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. కొవిషీల్డ్‌ను పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసింది. శరీరంలో పెరగలేని అడెనోవైరస్ (జలుబు తెచ్చే రకం వైరస్) దానికి వాహకం.
- టీకా ప్రధాన ప్రయోజనం జబ్బు ముదరకుండా, ప్రాణం మీదికి రాకుండా కాపాడటం. వేసుకున్నవారికీ కొవిడ్ రావచ్చు, వారి నుంచి ఇతరులకూ అంటవచ్చు. సోకకుండా ఆపే శక్తి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.
- సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు సాధారణం.
- కొవిషీల్డ్ తరువాత చాలా అరుదుగా, ప్లేట్‌లెట్లు తగ్గుతూ రక్తం గడ్డకట్టే సమస్య వచ్చిన మాట నిజం. టీకా తరువాత 20 రోజుల్లోపు ఆయాసం, ఛాతీ నొప్పి, కాలి వాపు, తగ్గని కడుపునొప్పి, తీవ్రమైన తలనొప్పి, సూది వేసిన చోటికి దూరంగా చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
- మొదటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు అదే టీకా రెండో డోసు వేసుకోకూడదు.

మూడో అంశాన్నీ, ఐదో అంశాన్నీ దాచకండి. "వేసుకుంటే ఇక కొవిడ్ రానే రాదు" అని ఉత్సాహంగా చెప్పినవాళ్ల మాట 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చేసరికి నిలవలేదు. ఆ తరువాత వాళ్లు చెప్పిన నిజాన్నీ నమ్మేవాళ్లు లేకపోయారు. ఎక్కువ చెప్పడం వల్ల జరిగే నష్టం తక్కువ చెప్పడం వల్ల జరగదు.

కాగితం మీద తేదీ వేయండి. కొవిషీల్డ్ డోసుల మధ్య గడువు ముందు 4 నుంచి 6 వారాలు, తరువాత 6 నుంచి 8, 2021 మేలో 12 నుంచి 16 వారాలు అయింది. తేదీ లేని కాగితం నెల తిరిగేసరికి కొత్త గొడవకు మూలం. రాబోయేది వేరే జబ్బు, వేరే టీకా అయితే ఈ అంశాలన్నీ కొత్తగా రాసుకోవాలి, కొవిడ్ లెక్కలు దానికి అంటగట్టకూడదు.

రాసిన కాగితాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకో, మీ వీధి ఏఎన్ఎమ్‌కో ఒకసారి చూపించండి.

## 4. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

పదిమంది ముందు అడిగితే మనిషి తన మాటకు కట్టుబడిపోతాడు. అప్పుడు మనసు మార్చుకోవడం అంటే పరువు పోగొట్టుకోవడమే అవుతుంది. అందుకే సమావేశానికి ముందే, విడిగా, తీరికగా మాట్లాడాలి. ఆ పనికి కార్యదర్శే వెళ్లనక్కరలేదు. సందేహం ఉన్న మనిషి ఎవరి మాట మన్నిస్తారో వాళ్లు వెళ్లాలి.

వరుస ఇలా పెట్టుకోండి:

1. అడగండి. "అన్నా, మీకు ఏ విషయంలో సందేహంగా ఉంది?" అంతే. "ఎందుకు వేసుకోలేదు?" అని మొదలుపెడితే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది.
2. మధ్యలో అడ్డు తగలకుండా వినండి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరిగా అర్థమైందా అని అడగండి.
3. అనుమతి తీసుకుని చెప్పండి. "నాకు తెలిసింది ఒకటి చెప్పమంటారా?" వద్దంటే ఆ రోజుకు వదిలేయండి.
4. ఒక్క విషయమే చెప్పండి. ఆయన అడిగినదానికి సంబంధించినదే.
5. దారి చూపండి. "ఎల్లుండి డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను, మీరూ వస్తారా?"

వద్దనేవాళ్లందరూ ఒకే రకం అనుకోవడం పెద్ద పొరపాటు. కారణాన్ని బట్టి జవాబు మారుతుంది.

దుష్ప్రభావాల భయం. భయం వద్దని కొట్టిపారేయకుండా నిజాల కాగితంలోని చివరి మూడు అంశాలు కలిసి చదవండి. రక్తం పలుచన చేసే మందులు వాడేవారు, గతంలో మందులకు అలర్జీ వచ్చినవారు డాక్టరును అడగకుండా నిర్ణయించుకోకూడదు. సూది తరువాత కేంద్రంలో 30 నిమిషాలు కూర్చోబెట్టడం తీవ్ర అలర్జీని వెంటనే గుర్తించడానికే. ఆ అరగంట తోడుగా ఎవరో ఒకరు కూర్చుంటామని చెప్పండి. నా అనుభవంలో, వాదించి తెచ్చినవాళ్లకన్నా ఈ తోడు మాట విని వచ్చినవాళ్లే ఎక్కువ.

ప్రభుత్వం మీద నమ్మకం లేకపోవడం. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసి పెరిగినవారికి "అధికారులు చెప్పారు" అన్న మాట సరిపోదు. ఆ అపనమ్మకానికి కారణం ఉంది, దాన్ని మూఢత్వం అనకండి. ఆయన నమ్మే డాక్టరు ఎవరో కనుక్కోండి, ఆ డాక్టరు తన ఇంట్లోవాళ్లకు వేయించారో లేదో నేరుగా అడగమనండి.

కూలీ పోతుందన్న లెక్క. దీన్ని చాలామంది పైకి చెప్పరు. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీకి, నారాయణపేట మగ్గం మీద కూర్చునేవారికి రెండు రోజుల జ్వరం అంటే రెండు రోజుల కూలీ. జీతం ఆగని ఉద్యోగులకు ఇది తట్టదు. ఇక్కడ ఉపన్యాసం పనికిరాదు. పని లేని రోజు చూసి తీసుకువెళ్లండి, బృందం నిధి నుంచి ఆ కూలీ సర్దండి. ఇచ్చిన సంగతి పదిమందికి తెలియనక్కరలేదు.

"నాకు వచ్చి పోయింది." ఈ మాటలో నిజం ఉంది. జబ్బు వచ్చి తగ్గినవారికి కొంత రక్షణ ఏర్పడుతుంది. 2021 మేలో ప్రభుత్వమే, కోలుకున్న మూడు నెలల తరువాత టీకా వేసుకోవాలని చెప్పింది. ఆ గడువులో ఉన్నవారి వెంటపడటం అన్యాయం.

పిల్లలు పుట్టరని, నెలసరి రోజుల్లో వేసుకోకూడదని విన్న మాటలు. రెండూ వదంతులే. గర్భిణులకు కూడా 2021 జూలైలో అనుమతి ఇచ్చారు. ఈ విషయం మగవాళ్లు చెప్పబోకండి, బృందంలోని అక్కలో, ఆశా కార్యకర్తో మాట్లాడితేనే బాగుంటుంది.

ఇక రెండో వైపు. టీకా వేసుకున్నవాళ్లతోనూ ఇంతే ఓపికగా మాట్లాడాలి. వయసు మీదపడి, షుగరు ఉండి, రెండు డోసులూ వేసుకుని కూడా భయపడుతున్న గురువుగారి బాధ ఎవరూ అడగరు. కిడ్నీ మార్పిడి జరిగి మందులు వాడేవారికి టీకా వేసుకున్నా రక్షణ తక్కువగానే ఏర్పడవచ్చు. వాళ్లు "నేను రాలేను" అని మెల్లగా తప్పుకుంటారు, గొడవ చేయరు. వాళ్ల మౌనాన్ని ఒప్పుదలగా తీసుకోకండి.

## 5. నిర్ణయ సమావేశం నడిపే వరుస

బయలు ప్రదేశంలో, గంటకు మించకుండా పెట్టండి. ఏ తగాదాలోనూ గొంతు పెంచని ఒకరిని అధ్యక్షులుగా కూర్చోబెట్టండి.

1. ముందు నిజాల కాగితం చదవండి. చర్చ లేదు. తప్పుందనుకునేవారు రాసి ఇస్తే డాక్టరును అడిగి చెబుతారు.
2. రెండో మెట్టులోని పట్టీని చదవండి.
3. ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్లను మొదట మాట్లాడనివ్వండి. "మేం రావాలంటే ఏం కావాలి?" అన్నదే వాళ్లకు ప్రశ్న.
4. తరువాత టీకా వద్దనుకున్నవారిని అడగండి: "వీళ్లు రావడానికి మీరు ఏం చేయగలరు?" బయట కూర్చోవడం, మాస్కు, ఒంట్లో బాగాలేకపోతే రాకపోవడం అన్నీ ఒప్పుకునేవారే ఎక్కువమంది ఉంటారు. వాళ్లను ఎవరూ అడిగి ఉండరు, అంతే.
5. ఏర్పాట్లు ఒక్కొక్కటిగా తేల్చండి. గడువు పెట్టండి.

## 6. నియమాలు రాయడం

నోటి మాటగా వదిలేస్తే పది రోజుల్లో పది రకాలవుతుంది. నాటక బృందానికి నమూనా ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

- వ్యాప్తి ఎక్కువగా ఉందని జిల్లా వైద్యాధికారులు చెబుతున్నన్నాళ్లు రిహార్సల్ ఆరుబయటే, గంటన్నరకు మించదు.
- జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉన్నవారు టీకా వేసుకున్నా, వేసుకోకపోయినా రాకూడదు. రానందుకు పాత్ర పోదు.
- పద్యం పాడేవారు తప్ప మిగతావారు మాస్కు పెట్టుకుంటారు. పాడేవారి ఎదురుగా ఎవరూ దగ్గరగా కూర్చోరు.
- మేకప్ గదిలో ఒకసారి ఇద్దరే.
- రాలేనివారు ఫోనులో పద్యం పంపి సాధన కొనసాగించవచ్చు.
- ఈ నియమాలు నాలుగు వారాలకోసారి తిరిగి చూస్తాం.

"టీకా వేసుకోనివారికి ప్రవేశం లేదు" అన్న నియమం పెట్టాలా? చాలామంది అడిగేది ఇదే. 2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుసుకోవడం మంచిది. రాజ్యాంగం 21వ అధికరణ కింద శరీరంపై హక్కు మనిషిదే కాబట్టి ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని కోర్టు చెప్పింది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని కూడా చెప్పింది. అయితే అప్పటి పరిస్థితిలో, వేసుకోనివారి నుంచే వ్యాప్తి ఎక్కువని చూపే ఆధారాలు తన ముందుకు రాలేదని, బహిరంగ ప్రదేశాలకు వారిని రానివ్వకపోవడం తగిన చర్య కాదని అభిప్రాయపడింది.

నా సలహా: ఆరుబయట కలిసే బృందం ఆ నియమం పెట్టనక్కరలేదు. వృద్ధులు, జబ్బు మనుషులు ఉండి, మూసిన గదిలో తప్ప కలవలేని బృందం అయితే, వ్యాప్తి తీవ్రంగా ఉన్న వారాల్లో ఎవరినీ వేరుచేయకుండా సాధనే ఆపేయడం మేలు. నాటకం వాయిదా పడితే మళ్లీ వేసుకోవచ్చు.

ధ్రువపత్రాలు చూడవలసి వస్తే ఒక్కరే చూడాలి, చూసి వదిలేయాలి. ఫొటో తీసి గ్రూపులో పెట్టించకండి. దాని మీద పేరు, వయసు, గుర్తింపు కార్డు చివరి అంకెలు ఉంటాయి. వేసుకున్నవారి జాబితా నోటీసు బోర్డు మీద అంటిస్తే, లేనివారి జాబితా అంటించినట్టే.

## 7. వాట్సాప్ గ్రూపు

టీకా వార్తలు, వీడియోలు అసలు గ్రూపులో ఏ పక్షంవాళ్లూ పెట్టకూడదు. అనుకూలమైనవి ఉంచి వ్యతిరేకమైనవి తీసేస్తే అడ్మిన్ ఒక పక్షం అయిపోతాడు. సందేహాలకు 104కు ఫోను చేయమనండి. ఆ గ్రూపు రిహార్సల్ వేళలకు, పద్యాలకు.

## 8. తరచుగా జరిగే తప్పులు, సవరించే దారి

చనిపోయినవారిని ఉదాహరణగా చెప్పడం. "ఫలానా ఆయన వేసుకోలేదు, చూశారుగా" అన్న మాట ఆ ఇంటివాళ్ల చెవిన పడితే జన్మలో క్షమించరు. అప్పటికే అని ఉంటే, అన్నవారే ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాలి. ఫోనులో చెప్పి ఊరుకోకూడదు.

టీకా తరువాత ఎవరికో ఏదో జరిగితే వెంటనే కొట్టిపారేయడం. "దానికి దీనికి సంబంధం లేదు" అని మీరు తేల్చకండి, "టీకా వల్లే" అని ఇంకొకరినీ తేల్చనివ్వకండి. వేసిన కేంద్రంలో తెలియజేయమనండి. టీకా తరువాతి దుష్ప్రభావాలను నమోదు చేసి పరిశీలించే ఏర్పాటు ఉంది. ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పాత్ర తీసేయడం. కృష్ణుడి పాత్ర ఇరవై ఏళ్లుగా వేస్తున్నవారిని టీకా పేరుతో మార్చి ఇంకొకరికి ఇస్తే, అది పాత పోటీకి సాకుగానే అందరికీ కనిపిస్తుంది. ప్రదర్శన ఆపలేకపోతే "ఈ ఒక్కసారికి" అని రాసి ఇవ్వండి.

వెక్కిరింపు. రెండు వైపులా ఉంటుంది. అధ్యక్షులు అక్కడికక్కడే ఆపాలి, తరువాత చూద్దామంటే ఆగదు.

## 9. బృందంలో ఎవరికైనా జబ్బు వస్తే

- అదే రోజు అందరికీ తెలియజేయండి. పేరు చెప్పాలా వద్దా అన్నది వారిని అడిగి చేయండి.
- పరీక్ష చేయించుకోవలసిన వారి జాబితా రాయండి. అందుకే ప్రతి రిహార్సల్‌కు హాజరు పుస్తకం ఉండాలి.
- ఆయన టీకా వేసుకున్నాడా అన్న ప్రశ్న ఎవరూ ఎత్తకూడదు. డాక్టరు అడిగితే ఆయనే చెప్పుకుంటారు.
- మందులు, భోజనం, ఆసుపత్రి తోడు ఎవరు చూస్తారో గంటలో తేల్చండి. ఆయాసం పెరిగితే 108.
- వేరే అభిప్రాయం ఉన్న ఒకరైనా ఈ పనిలో ఉండేలా చూడండి.

## 10. దూరమైనవారిని తిరిగి పిలవడం

నియమాలు ఎత్తేసిన రోజున గ్రూపులో ఒక సందేశం పెట్టి ఊరుకుంటే ఎవరూ రారు. ఇంటికి వెళ్లి పిలవాలి, అదీ వారితో తగాదా పడినవారే వెళ్లాలి. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న పాత లెక్క ఆ గుమ్మంలో తీయకండి. తేదీ, వేళ, చోటు చెప్పండి. ఆయన వేసే పాత్ర ఖాళీగానే ఉందని చెప్పండి, నిజంగా ఖాళీగా ఉంచి చెప్పండి. మొదటిసారి రాకపోతే పది రోజుల తరువాత ఇంకొకరిని పంపండి. వచ్చిన రోజు "ఇన్నాళ్లకు వచ్చారే" అనకుండా, ఎక్కడ ఆపారో ఆ పద్యం దగ్గర నుంచి రిహార్సల్ మొదలుపెట్టండి.